నా ముక్క ఎలా ఉందే?

సోమవారం. ఎడమ పంపు నడుస్తోంది.

ఈ లాగ్‌లో రాయాల్సింది పంపులు, వేడి, నీళ్ళ ఉప్పదనం. అంతే. పెద్ద మెరక ఆఫీసులో దీన్ని ఎవరూ తెరవరని నాకు తెలుసు. అందుకే మిగతాది కూడా రాస్తున్నాను. ఎవరైనా చదివి నొచ్చుకుంటే అది వాళ్ళ ఇష్టం.

రాసేది లోవ. మూడో వరస నాళాల షెడ్డు. పొద్దున సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు గీకాను. జల్లెడలు కడిగాను. సీసాల్లో పాత ద్రవం తీసి కొత్తది పోశాను. ఈ షెడ్డు ఒకప్పుడు రొయ్య పిల్లల హేచరీ. చెరువుల్ని సముద్రం తీసేసుకున్నాక ఊరు ఈ మెరక మీద స్తంభాలు నాటుకుని వరసలు వరసలుగా పైకెక్కింది, తొట్లూ పంపులూ మాతోపాటు ఎక్కాయి. ఇప్పుడు వాటితో మనుషుల రక్తనాళాలు పెంచుతున్నాం. ఉప్పునీళ్ళు తాగి తాగి మెరక మీద సగం ఇళ్ళలో కిడ్నీలు పోయాయి. డయాలసిస్ సూది గుచ్చాలంటే చేతిలో గట్టి నాళం ఉండాలి. అది పాడైపోతే ఆ మనిషి చర్మం నుంచే కొత్తది పెంచి ఇస్తాం.

ఎడమ పంపు మీద ఉన్న సీసా అచ్చియమ్మ మామ్మది. డయాలసిస్ నుంచి వస్తూ, సూదికి చేతిలో నాళం లేక మెడలో పెట్టిన గొట్టానికి గుడ్డ చుట్టుకుని, గుమ్మంలో నిలబడింది. రోజూ అడిగేదే అడిగింది.

"నా ముక్క ఎలా ఉందే?"

"ఏ ముక్క? సీసాలోదా, నా వీపు మీదదా?"

"రెండూ నావేగా. రెండూ చెప్పు."

"సీసాలోది చక్కగా కొట్టుకుంటోంది. వీపు మీదది దురద పెడుతోంది."

"గోకకే! అది నాది. పాడు చేశావంటే ఊరుకోను."

ఇరవై ఏళ్ళుగా ఇదే వేళాకోళం. పసిపిల్లగా ఉన్నప్పుడు రొయ్యలు ఉడకబెట్టే గంగాళం నా మీద ఒలికింది. వీపు చర్మమంతా ఊడిపోయింది. మా అమ్మకు నెలలు నిండి ఉన్నాయి, ఆమె చర్మం తీయకూడదన్నారు. వరసలో ఎవరైనా ఇస్తారా అని అడిగితే, మాకు చుట్టమూ కాని, ఏమీ కాని అచ్చియమ్మ చీర తొడ దాకా ఎత్తి "కోసుకోండి, ఎంత కావాలో" అందట. పరాయి చర్మాన్ని ఒంటికి అలవాటు చేసే చుక్కలు అప్పుడే వచ్చాయి. పాలపళ్ళు ఉన్నంతవరకే పనిచేస్తాయవి. నాకు పనిచేశాయి. నా ఎడమ భుజం నుంచి నడుము దాకా ఉన్నది ఆమె చర్మమే. రంగు కూడా ఒక ఛాయ ఎక్కువ.

అందుకని ఆ సీసా దగ్గరికి ఇంకొకరిని రానివ్వను.

గురువారం. ఎడమ పంపు నడుస్తోంది. వేడి సరిగ్గా ఉంది.

మా షెడ్డు పెద్ద ఇస్రాయేలు మావయ్య. హేచరీ రోజుల నుంచి ఉన్నాడు. నాళాల పని ఆయనకూ ఎవరూ నేర్పలేదు, నాకూ నేర్పలేదు. వచ్చిన మాన్యువల్ సగం తడిసిపోయి వచ్చింది. మిగతా సగం నేనే చదువుకున్నాను, చదివింది అర్థం కానప్పుడు సీసాలు పగలగొట్టుకుని నేర్చుకున్నాను.

ఇవాళ సూక్ష్మదర్శినిలో చూశాను. మామ్మ చర్మంలో వెంట్రుకల కుదుళ్ళ దగ్గర, తామేమవ్వాలో ఇంకా తేల్చుకోని మూలకణాలు కొన్ని ఉంటాయి. వాటిని పట్టుకుని మార్పు మందు కలిపిన ద్రవంలో పెట్టాలి. మొదట గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి. తర్వాత సాగుతాయి. కరిగిపోయే దారంతో అల్లిన సన్నటి గొట్టం మీద వాటిని దిగేసి, పంపుతో గొట్టంలోకి ద్రవం కొట్టాలి. గుండె కొట్టినట్టే, ఒక్కో దెబ్బకీ గొట్టం ఉబ్బి తగ్గాలి. ఆ లాగుడికి కణాలన్నీ అడ్డంగా తిరిగి, గొట్టం చుట్టూ వరసగా పడుకుంటాయి. అప్పుడు అవి నాళపు కండరం. మందు ఒక్కటే చాలదు. దెబ్బ ఆగకూడదు. మామ్మవి ఇవాళ అలాగే వరసగా పడుకుని కనిపించాయి.

మావయ్య కూడా కన్ను పెట్టి చూశాడు.

"రొయ్య సీడు లాగే ఉందే! బేసిన్లో నీళ్ళు గిర్రున తిప్పితే మంచి సీడు ఎదురీదుద్ది చూడు. అట్టా నిలబడ్డాయి."

"రొయ్యలు కాదు మావయ్యా."

"ఏదైతే ఏముందే, బతికున్నది ఏదైనా ఎదురీదాల్సిందే."

ఇంత సంతోషం ఎందుకంటే, మామ్మకు ఇదే చివరి నాళం. రెండు చేతుల్లోవీ అయిపోయాయి. ఒకసారి పరాయి వాళ్ళ నాళం పెట్టి చూశారు, ఒళ్ళు ఒప్పుకోలేదు, వాచి మూసుకుపోయింది. సొంత చర్మం రెండుసార్లు తీశారు. మొదటిసారి తీసినవి సీసాలోనే చచ్చాయి. రెండోసారి తీసిన చోట పుండు ఇంకా మానలేదు, ఇక ఆమె ఒంటి మీద కత్తి పెట్టేది లేదని డాక్టర్ రుక్సానా మేడం చెప్పేసింది. మెడలో గొట్టానికి చీము పట్టి ఇప్పటికి చాలాసార్లు జ్వరం వచ్చింది. అది తీసేయాల్సి వస్తే పెట్టడానికి ఇంకో చోటు లేదు. చోటు లేకపోతే డయాలసిస్ లేదు. అక్కడితో సరి.

శనివారం. ఎడమ పంపు ఆగింది.

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

నిన్న ద్రవం డబ్బాల కోసం పడవలో పెద్ద మెరక వెళ్ళాను. పంపిస్తాం, పంపిస్తాం అంటూ వాళ్ళు పంపలేదు కాబట్టి నేనే వెళ్ళాను. ఆటు పెట్టి నీళ్ళు దిగిపోవడంతో రాత్రికి అక్కడే చిక్కుకుపోయాను. ఇవాళ మధ్యాహ్నం పడవ దిగేసరికి మూడో వరస మొత్తం నిశ్శబ్దం. ఒక్క పొయ్యి వెలగలేదు. రేవు దగ్గర పాడె కడుతున్నారు. పేరయ్య తాత పోయాడు. ఆయన ఇల్లు మా షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది.

శవం లేచేదాకా వరసలో ఎవరూ పొయ్యి ముట్టించరు, మర ఆడించరు. ఇది నాకూ తెలుసు. అవతలి మెరకల నుంచి కూతుళ్ళు రావాలి, పోటు రావాలి, అప్పుడు గాని శవాన్ని పడవెక్కించలేరు. అంటే నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే నిశ్శబ్దం.

పరుగెత్తాను. కుడి పంపులు మెల్లగా నడుస్తున్నాయి, వాటికి చప్పుడు లేదు. ఎడమ పంపు పాతది, హేచరీ నాటిది, దబ్ దబ్ మని కొడుతుంది. ఆ ఒక్కటే ఆపేశారు.

"ఎవరు ఆపారు?"

ఇస్రాయేలు మావయ్య లేచి నిలబడ్డాడు. "నేనేనే. గోడవతల శవం ఉంటే ఇవతల దబదబా ఏంటే? ద్రవం ఆపలా, గాలి ఆపలా, వేడి ఆపలా. కొట్టుకోటం ఒక్కటేగా ఆపింది. సీడుకి గాలి ఆగితే చస్తాయి గాని..."

"మావయ్యా, వాటికి కొట్టుకోవడమే అన్నీనూ!"

"అరవకే. వరసలో జనం ఉన్నారు."

"ఉండనీ! ఆమె చచ్చాక కూడా ఇలాగే నిశ్శబ్దంగా నిలబడతారుగా, అప్పుడు వినబడకపోతే ఇప్పుడే వినమను!"

ఆయన ముఖం మాడిపోయింది. అప్పుడు చాప మీద నుంచి అచ్చియమ్మ గొంతు వినబడింది. చావింటికి వచ్చి, నిలబడలేక మా షెడ్డులో కూర్చుంది.

"వాణ్ణి అనకే. ఆపమన్నది నేను."

"నీదని తెలుసా?"

"తెలిసే ఆపమన్నా. ఇంకోళ్ళదైతే ఆపమనేదాన్నా, పాపం? నాదైతే ఆపొచ్చు."

ఇలాంటి మనిషి మీద ఎలా కోప్పడాలో నాకు తెలియదు. కానీ కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. పంపు స్విచ్ వేశాను. శవం ఇంకా లేవలేదు. ఎవరూ నన్ను ఆపలేదు.

మంగళవారం. ఎడమ పంపు నడుస్తోంది. దండగ.

బిగింపు మందు పరీక్ష చేశాను. కండరం ఉన్న నాళం మీద చుక్క పడగానే అది సన్నబడుతుంది, మన చెయ్యి పిడికిలి బిగించినట్టు. చుక్క వేశాను. ఏమీ లేదు. మళ్ళీ వేశాను. తడిసిన కాగితం గొట్టంలా ఊరుకుంది. సూక్ష్మదర్శినిలో కణాలు వరసలు విడిపోయి, ఎటు పడితే అటు తిరిగి, పీచులా అయిపోయాయి. దెబ్బ లేకపోయేసరికి తాము కండరమన్న సంగతే మరిచిపోయాయి.

రుక్సానా మేడం వచ్చి చూసింది. "ఇది పెడితే మొదటి సూదికే పగిలిపోతుంది లోవా" అంది. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు తిరగలేదు. సీసా కడిగి బోర్లించాను.

సాయంత్రం పేరయ్య తాత భార్య సూరాంబ వచ్చింది. గుమ్మం బయటే ఆగిపోయింది, చావింటి మనిషిని కదా అని. లోపలికి రమ్మని నేనే చెయ్యి పట్టి లాగాను.

"మా ఆయన కోసం పంపు ఆపారంటగా?"

"ఆపారు."

"ఆయన చెవిటోడు కదే."

ఇస్రాయేలు మావయ్య తల ఎత్తాడు.

"పడవ ఇంజను పక్కన కూచుని కూచుని రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పిడుగు పడ్డా వినపడేది కాదు. బతికుండగా నేను పిలిస్తేనే పలకలేదు, పోయాక మీ పంపు ఇంటాడా?" అంటూ నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అంది: "నాకు వినపడేది. ఆయన పక్కన పడుకుని ఆ దబదబా వింటా ఉంటే, ఇంట్లో ఇంకెవరో మేలుకుని ఉన్నట్టు ఉండేది. శుక్రవారం రాత్రి ఆయనా లేడు, ఆ చప్పుడూ లేదు."

మావయ్య తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. టీ పెట్టి ఇచ్చాను.

శుక్రవారం. ఎడమ పంపు ఖాళీగా ఉంది.

మామ్మకు మళ్ళీ జ్వరం. గొట్టం చుట్టూ ఎర్రగా వాచింది. మేడం మందు పెంచి, "ఈ జ్వరం లొంగుతుంది, ఇంకోసారి వస్తే లొంగదు" అంది.

నేను ఆమె మంచం పక్కన కూర్చుని తిడుతున్నాను. పెద్ద మెరక ఆఫీసును తిట్టాను. ఉప్పునీళ్ళను తిట్టాను. పేరయ్య తాతను కూడా తిట్టాను, ఇంకో నెల ఆగలేకపోయాడా అని. కోపం వస్తే నాకు వీపు దురద పెడుతుంది. చెయ్యి వెనక్కి పెట్టి బరబరా గోక్కుంటున్నాను.

మామ్మ కళ్ళు తెరవకుండానే అంది, "గోకకే. అది నాది."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇరవై ఏళ్ళు విన్న మాట. నాకు వేళాకోళం లాగే వినబడింది ఎప్పుడూ. నా చేతులతో ఎంతమంది చర్మాన్ని సీసాలకెక్కించానో లెక్కే లేదు, నా వీపు మీద ఏముందో నాకు తట్టలేదు. మేడం దగ్గరికి పరుగెత్తి చొక్కా భుజం కిందికి లాగి చూపించాను.

"మేడం, ఇది ఎవరిది?"

"మచ్చా? నీదే కదా."

"కాదు. అచ్చియమ్మది. నా చిన్నప్పుడు పెట్టారు. చుక్కలు వేసి."

మేడం నిన్నగాక మొన్న ఈ మెరకకు వచ్చింది, ఆమెకు ఈ సంగతి తెలిసే వీలు లేదు. వేలితో నొక్కి చూసింది. వెలుతురులోకి తిప్పి చూసింది. "దీని మీద సన్నటి వెంట్రుకలున్నాయే" అంది, చాలా మెల్లగా. కుదుళ్ళు ఉన్నాయంటే వాటి దగ్గర మూలకణాలు ఉండొచ్చు. సూదితో ఇంత తీసి, ఎవరి కణాలో చెప్పే పట్టీ మీద పెట్టింది. ఇద్దరం దాని మీద వంగి కూర్చున్నాం. రంగు తేలింది.

అచ్చియమ్మవే. ఆమె ఒంటి మీద మిగిలిన చర్మం కిడ్నీ విషానికి ఎండిపోయింది. నా ఒంటి మీదది మాత్రం ఇన్నేళ్ళూ మంచి రక్తం తాగి దిట్టంగా ఉంది.

మేడం నన్ను కౌగిలించుకుంది. అలాంటివి నాకు నచ్చవు. ఈసారి ఊరుకున్నాను.

శనివారం. ఎడమ పంపు ఖాళీగానే ఉంది.

మామ్మ ఒప్పుకోలేదు.

"ఇచ్చింది వెనక్కి పుచ్చుకుంటారటే ఎవరైనా? ఆడపిల్లవి, వీపు మీద మళ్ళీ కత్తి పెట్టించుకుంటావా?"

"నాదని రోజూ అంటావుగా!"

"సరసానికి అంటే నిజమేనా? అది నీదే."

"నాదేనా?"

"ముమ్మాటికీ నీదే."

"అయితే నా ఇష్టం. నాది నేను ఇస్తున్నాను. నువ్వు చీర ఎత్తి కోసుకోండి అన్నప్పుడు నన్ను అడిగావా? నేనూ నిన్ను అడగను."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత అటు తిరిగే అంది, "మరీ పెద్ద ముక్క కోయనివ్వకు. గోరంత చాలు."

గోరంతే తీశారు. మంట పుట్టింది. మేడం బాగున్నావా అని అడిగితే బాగానే ఉన్నాననడం నాకు ఇంతవరకూ అలవాటు లేదు. ఇవాళ అన్నాను.

సోమవారం. ఎడమ పంపు నడుస్తోంది.

ఈ మూడు వారాల్లో కొత్త కణాలు మందలా పెరిగాయి. ద్రవంలో సాగాయి. ఇవాళ గొట్టం మీదికి దిగేసి పంపు వేశాను.

పంపు వేసేటప్పుడు వరసలో జనం వచ్చి నిలబడ్డారు. పిలవలేదు. వద్దని కూడా అనలేదు. ఇస్రాయేలు మావయ్య స్విచ్ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, "నువ్వే వెయ్యవే, నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని స్విచ్ మీద పెట్టాను. ఇద్దరం కలిసి వేశాం. దబ్, దబ్. గోడవతల నుంచి సూరాంబ అరిచింది: "ఆ! వచ్చింది, వచ్చింది!"

ఇక నుంచి ఆమే మా కాపలా. గోడకు తల ఆనించి వింటుంది. చప్పుడు ఏ మాత్రం తేడా వచ్చినా గరిటెతో గోడ మీద కొడతానంది.

ఆదివారం. ఎడమ పంపు కాసేపు కుంటింది. మళ్ళీ నడుస్తోంది.

మధ్యాహ్నం అన్నం తింటుంటే గరిటె మోగింది. నాకు తేడా ఏమీ వినబడలేదు. పరుగెత్తి పంపు మీద చెయ్యి పెట్టి చూస్తే, ఒక దెబ్బ బలంగా, ఒక దెబ్బ నీరసంగా పడుతోంది. లోపల వాషరు చీలింది. ఇంకాస్త ఆగితే పూర్తిగా నిలిచిపోయేది. కొత్త వాషరు లేదు. పెద్ద మెరక ఆఫీసు ఎప్పుడు పంపింది గనక! మావయ్య పేరయ్య తాత పాత పడవ ఇంజనులోంచి ఒకటి ఊడదీసుకొచ్చాడు. అది వేసేదాకా ద్రవం గొట్టానికి తగిలించిన రబ్బరు బంతిని చేత్తో నొక్కుతూ కూర్చున్నాను. నా చెయ్యి లాగేస్తే సూరాంబ నొక్కింది. ఆమెకు దెబ్బ నాకంటే బాగా తెలుసు.

ముసలాయన ఇంజను వాషరుతో పంపు నడుస్తోంది. ఆయన్ని తిట్టినందుకు ఈ లాగ్‌లో క్షమించమని రాస్తున్నాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాయడం తేలిక.

బుధవారం. ఎడమ పంపు నడుస్తోంది.

పంపు వేసి నెల దాటింది. బిగింపు మందు వేశాను. నాళం సన్నబడింది.

మళ్ళీ వేసి చూడలేదు. ఒక్కసారి చాలు. మేడం, మావయ్య, సూరాంబ, అందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. మావయ్య, "ఎదురీదింది" అన్నాడు. రొయ్యలు కాదు అని నేను అనలేదు.

మంగళవారం. ఎడమ పంపు ఆపాను. నేనే.

నాళం సీసాలోంచి మామ్మ ముంజేతిలోకి వెళ్ళింది. మెడలో గొట్టం తీసేశారు. తీసిన చోట తెల్ల పట్టీ అంటించారు, అంతే.

థాంక్స్ చెప్పడం నాకు రాదు. చిన్నప్పటి నుంచీ ఆమెను చూస్తే ఏదో ఒకటి తిట్టాలనిపించేది. ఏమిచ్చినా ఆమె ఇచ్చినదానికి సరిపోదని తెలుసు, అందుకే ఆ చిరాకు. ఇవాళ కూడా సరిపోదు. కానీ చిరాకు లేదు. ఆపినవాడికి, నడిపినవాడికి, గోడ కొట్టినామెకు, కోసిన మేడంకు, చెవిటి తాతకు, అందరికీ ఒక్కసారే ఈ కాగితం మీద దండం పెడుతున్నాను. రేపు మళ్ళీ తిడతాను.

కుట్లు చూద్దామని సాయంత్రం వెళ్ళాను. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. ముంజేతి మీద వేళ్ళు పెట్టి చూశాను. చర్మం కింద సన్నగా జుమ్మని తిరుగుతోంది రక్తం, చేతిలో పట్టుకున్న చేపపిల్ల లాగా. నాళం తెరుచుకునే ఉంది. ఇలా పెంచిన నాళానికి ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు, ఎల్లుండి డయాలసిస్‌కి సూది ఇక్కడే గుచ్చొచ్చు.

"ఏమంటోందే?"

"ఆకలేస్తోందంటోంది. నాలాగే."

ఆమె నవ్వింది. మందు మత్తు దిగుతోంది కాబోలు, కుట్ల దగ్గర చిటపటమన్నట్టుంది. నవ్వుతూనే రెండో చెయ్యి ముంజేతి కుట్ల మీదికి పోనిచ్చి, గోళ్ళతో మెల్లగా గీరబోయింది.

ఆ చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టాను.

"గోకకు మామ్మా. అది నాది."